జొన్నకంకి అంచు ఫొటో

అనంతపురంలో డిటెక్టివ్ ప్రసూన ఆఫీసు తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. పేరు చంద్రిక. ధర్మవరంలో చంద్రమోహన్ పట్టుచీరల షాపులో కేటలాగు చేస్తుంది. ఎక్సెల్ షీట్లో చీర పేరు పక్కన ఫొటో పెట్టడం ఆమె పని.

"జొన్నకంకి అంచు డిజైను మా నాయన మగ్గం మీద పుట్టింది మేడం. చీర ఇంకా మగ్గం దిగనే లేదు, బెంగళూరు షాపోళ్ల షీట్లో దాని ఫొటో వచ్చేసింది. నేనే పంపినానంటాండారు మా సావుకారు. ఇంక మా మగ్గానికి పట్టు ఇచ్చేది లేదని చెప్పేసినారు. మగ్గం ఆగితే మా నాయన బతకడు!"

"పద," అంది ప్రసూన. ఆమె ఆ మాట అంటే చాలు, అసిస్టెంటు మారుతికి ఒళ్లంతా హుషారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి, బండి తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

చంద్రిక తండ్రి ఓబన్న ఇంటి గడప బయటే ఇద్దరూ చెప్పులు విప్పారు. మగ్గం గదిలోకి చెప్పులతో పోరని ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

"మగ్గం దగ్గరికి ఎవరెవరు వస్తారు ఓబన్నా?"

"మేనేజరు రాఘవేంద్ర, సావుకారు కొడుకు విష్ణువర్ధన్. పని యాడికొచ్చిందో చూసి పోతారు. నేను పట్టుపోగు తెచ్చుకునేదానికి లోపలికి పోతే వాళ్లొక్కరే ఉంటారు."

షాపులో అరుగు మీద పరిచిన తెల్ల పరుపు మీద చంద్రమోహన్, రాఘవేంద్ర మఠం వేసుకుని కూర్చున్నారు. విష్ణువర్ధన్ మాత్రం అంచున, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు. బూట్లకు చిలకపచ్చ లేసులు. అవి విప్పే ఓపిక కూడా లేదు మహానుభావుడికి, అనుకున్నాడు మారుతి.

బెంగళూరు షాపు నుంచి తనకొచ్చిందని బళ్లారి వ్యాపారి ఒకాయన పంపిన ఆ షీటును చంద్రమోహన్ కంప్యూటర్లో తెరిచాడు. గడిలో చిన్న ఫొటో, చీర అంచు మాత్రమే ఉంది.

"ఇంకేం చూడాలమ్మా? మగ్గం వాళ్లింట్లోది. షీట్లు చేసేది ఆ పిల్ల."

"రాఘవేంద్రగారూ, ఫొటో మీరు తీశారా?"

మేనేజరు బటన్ల ఫోను తీసి చూపించాడు. "దీంట్లో కెమెరానే లేదమ్మా."

"మీరు?"

"నేను లోపలికే పోను," అన్నాడు విష్ణువర్ధన్. "గడప కాడ నిలబడి అడిగి వస్తా."

ప్రసూన ఓబన్నను, చంద్రికను కూడా షాపుకు పిలిపించింది. అందరూ చేరాక కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఎక్సెల్లో ఫొటోను క్రాప్ చేస్తే, అంటే పక్కలు కత్తిరిస్తే, ఆ భాగం కనపడదు, అంతే. ఫైల్లో అలాగే ఉంటుంది. ఆ దాగిన భాగాన్ని పూర్తిగా తీసేయడం చంద్రికకు రోజూ పనే. ఆ సంగతి తెలియనివాళ్లు చేసిన పని ఇది." ఆమె ఫొటో మీద నొక్కి, క్రాప్ బటన్ నొక్కింది.

దాగిన ఫొటో నాలుగు వైపులా తెరుచుకుంది. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత, ఓబన్న నీళ్ల చెంబు, కింద మూలన ఒక బూటు ముక్కు. దాని మీద చిలకపచ్చ లేసు.

మారుతి నుదురు కొట్టుకున్నాడు. తను చూసీ వదిలేసిందే!

విష్ణువర్ధన్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "ఇట్లాంటి బూట్లు శానామందికి ఉంటాయి."

"ఉంటాయి. కానీ మగ్గం గదిలోకి వాటితో పోయేవాళ్లు ధర్మవరంలో ఎవరప్పా? పరుపు దగ్గర కూడా విప్పనివాడివి నువ్వే. లోపలికే పోనని అబద్ధం చెప్పిందీ నువ్వే."

అతను తల దించుకున్నాడు. "బెంగళూరు షోరూంలో వాటా ఇస్తామన్నారు నాయనా."

ఓబన్న డిజైన్ ఊసే ఎత్తలేదు. "బూట్లతో నా మగ్గం కాడికి పోయినావా అప్పా?" అన్నాడు.

చంద్రమోహన్ లేచాడు. చంద్రిక ముందు చేతులు జోడించి, "తప్పు నాదమ్మా," అన్నాడు. బీరువాలోంచి పట్టు మూట తీసి కొడుకు పక్కన పెట్టాడు.

"ఓబన్న మగ్గానికి నువ్వే మోసుకొనిపో. బూట్లు ఈడనే విప్పు."

బయట ఎండ మండిపోతోంది. లేసుల ముడి విప్పడానికి విష్ణువర్ధన్‌కు చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు. ఇంటి తలుపు తీయడానికి ఓబన్న ముందు నడిచాడు.