విజయ్ కంప్యూటర్‌కు ఆఖరి కార్డు

ఆదోనిలో భీమన్న ఇంటి నడిమి గదిలో ఒక కంప్యూటర్ ఉంది. దాన్ని ఎవరూ ఒక్కసారిగా కొనలేదు. కొడుకు విజయ్ ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగట్లో పనిచేస్తా, ఒక్కో సామాను కొని, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చేవాడు. మొదట వచ్చింది ఉత్త డబ్బా. ఆరు నెలలు అది గోడ పక్కన ఖాళీగా కూచుంటే, తల్లి బసమ్మ దాంట్లో ఎర్రగడ్డలు పోసింది కూడా. తర్వాత బోర్డు వచ్చింది, ప్రాసెసర్ వచ్చింది, ఎవరో వాడి అమ్మేసిన మానిటర్ వచ్చింది.

"పెండ్లాము రాకముందే దీనికి నగలు చేపిస్తాండావు కదరా," అని తల్లి ఎకసెక్కాలాడేది. వాడు నవ్వి, గోడ మీద రాసుకున్న సామాన్ల పట్టీలో ఇంకో పేరు కొట్టేసేవాడు.

పట్టీలో మూడు పేర్లు మిగిలుండగా వానికి జ్వరం వచ్చింది. నాలుగో నాడు పోయినాడు.

ఆ ఇంట్లో పెద్దల అమావాస్యకు, పోయినోళ్ల పటం ముందర విస్తరాకు వేసి, వాళ్లకిష్టమైంది వండి, కొత్త గుడ్డలు పెడతారు. తలుపు వేసి అందరూ బయటికొచ్చేస్తారు, వాళ్లొచ్చి తిని పోతారని. కాసేపటికి తట్టి, చెప్పి, లోపలికి పోవాల. ఆ పెట్టిన గుడ్డల్ని ఇంట్లో వాళ్లే కట్టుకోవాల. విజయ్‌కు గుడ్డల మీద యావ యాడిది? భీమన్న మొదటి ఏడు ర్యామ్ పెట్టినాడు, రెండో ఏడు హార్డ్ డిస్క్. తలుపు తెరిచినాక కూతురు హేమ దాన్ని బిగించేది, అన్న దగ్గర నేర్చుకున్న పని. వీధిలో వాళ్లు పిచ్చి అన్నారు. అననీ! బిడ్డ పోయిన ఇంటికి ఊరి తెలివి ఎందుకు?

మూడో ఏడు, అమావాస్య ఇంకా రెండు దినాలుందనగా, హేమకు జ్వరం తగులుకుంది. అమావాస్య పొద్దున డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "ఇప్పుడే కర్నూలుకు తీసుకపోండి," అన్నాడు. కారు మాట్లాడుకొని ఇంటికొచ్చినారు.

బసమ్మ కదల్లేదు. "వాని కోరిక తీరలా. అందుకే చెల్లెల్ని పట్టుకున్నాడు. ఆ ఒక్కటీ పెట్టి పోదాం. అరగంటే."

వద్దని చెప్పాలని భీమన్నకు తెలుసు. కానీ కొడుకు పోయినప్పటినుంచీ ఆకలైనా, భయమైనా, పక్కింట్లో ఎవరికో అవుతున్నట్టే ఉంటుంది అతనికి. పట్టీలో ఆఖరిది, ఆటలకు కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు అట్టపెట్టె తెచ్చి, ఓళిగల పక్కన విస్తరాకులో పెట్టినాడు. బయటికొచ్చి గొళ్లెం వేసినాడు.

మిట్టమధ్యాహ్నం. వసారాలో మంచం మీద హేమ, తల అమ్మ ఒళ్లో. కాలిపోతాంది ఒళ్లు. వీధిలో పత్తి బోరాల ట్రాక్టరు పోయింది. దుమ్ము మెల్లగా అణిగింది. తలుపు సందులోంచి సాంబ్రాణి వాసన వస్తాంది.

లోపల కంప్యూటర్ ఫ్యాను తిరిగింది...

కరెంటు లేదు. పొద్దుననుంచీ లేదు.

సాంబ్రాణి వాసన పోయి, వేడెక్కిన వైరు వాసన వచ్చింది. కీబోర్డు టకటక. ఆగింది. మళ్లీ...

"వచ్చినాడు," అంది బసమ్మ గుసగుసగా.

"ఊఁ."

"కడుపు నిండా ఆడుకోనీ."

వీధిలో కారు డ్రైవరు హారను కొట్టినాడు. ఇంక ఆలస్యమైతే పిల్ల దక్కదు. భీమన్న లేచి తలుపు తట్టినాడు.

"విజయ్... తిన్నావా, నాయనా? చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకపోవాల. తలుపు తీస్తాండా."

టకటక ఆగింది.

"ఉండు నాయనా..."

విజయ్ గొంతు కాదు. హేమ గొంతు.

"అన్న ఇంకో ఆట అంటాండాడు."

భీమన్న వెనక్కి తిరిగినాడు. మంచం మీద హేమ అట్లే ఉంది. కండ్లు మూసుకొని, నోరు కొంచెం తెరుచుకొని. బసమ్మ దాని నుదుటి మీద చెయ్యి పెట్టుకొని నవ్వుతాంది. ఎన్ని దినాలైందో ఆ నవ్వు చూసి.

"సూడయ్యా, ఒళ్లు సల్లబడింది. జ్వరం దిగింది."

భీమన్న గొళ్లెం తీసి తలుపు తోసినాడు. రాలేదు. భుజం పెట్టి తోసినాడు... రాలేదు. లోపల ఎవరో గడియ వేసుకున్నారు.

ఆ తలుపుకు లోపలి గడియ ఏనాడూ లేదు.