స్కానింగ్ గదిలో మగ్గం

జరీ కండెల డబ్బా అడుగున దొరికిన కాగితాన్ని తన పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివి చౌడేశ్వరమ్మ వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది.

ఎమ్మారై సెంటర్ ఇచ్చిన కాగితం. నాలుగు నెలల కిందటిది. ‘కదలిక వల్ల చిత్రాలు స్పష్టంగా రాలేదు. మళ్లీ తీయించాలి.’

ఆ రోజు భర్త కోటిలింగం ఇంటికొచ్చి, “అంతా బాగుందే” అన్నాడు. వీధంతా మైసూర్‌పాక్ పంచిపెట్టించాడు.

రెండేళ్ల కిందట ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. చిన్నది, ప్రమాదం తక్కువది. ఇప్పుడే ఆపరేషన్ వద్దన్నారు డాక్టరు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి ఎమ్మారై. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం, చూసుకోవడం మాత్రం మానొద్దన్నారు.

మానేశాడు. లోపల ఏం జరుగుతోందో నాలుగు నెలలుగా ఎవరికీ తెలియదు.

పటమట నుంచి కొడుకు భానుచందర్ గంటలో మంగళగిరి చేరాడు. కోటిలింగం గుంట మగ్గంలో కూర్చుని, కాళ్లతో తొక్కుడు పలకలు తొక్కుతూ నేస్తూనే ఉన్నాడు.

“ముందు ఆ మగ్గం ఆపు నాన్నా! ఏంటిది?”

“వాళ్ల మిషన్ బాగోలేదురా.”

“మిషన్ బాగోకపోతే కదిలారని ఎందుకు రాస్తారు?”

“ఏమో, రాసినవాళ్లనే అడుగు.”

“పెరిగిందా? అందుకే దాచారా?” చౌడేశ్వరమ్మ కాగితాన్ని ఆయన ముందుకు చాపింది. “ఆ మైసూర్‌పాక్ నా చేత్తోనే పంచించారు కదండీ! మీ అబద్ధాన్ని ఇంటింటికీ నాతోనే మోయించారు!”

కోటిలింగం కాళ్లు ఆగాయి. లేచి, చొక్కా తొడుక్కుని కొడుకు కారెక్కాడు.

గవర్నర్‌పేట ఎమ్మారై సెంటర్‌లో టెక్నీషియన్ క్రిస్టినా ఆయన్ని చూడగానే నవ్వింది. “తాతగారూ, ఈసారైనా కాళ్లు ఆడించకుండా ఉంటారా?”

“కాళ్లా?” చౌడేశ్వరమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన నేలచూపులు చూశాడు.

ఆ మిషన్ దగ్గర లోహం ఉండకూడదని ఆమె ఒంటి మీది నగలన్నీ తీసి కొడుకు చేతిలో పెట్టింది. “నన్నూ లోపలికి రానివ్వమ్మా.”

మిషన్ టకటకమంది. కోటిలింగం కుడికాలు లేవబోయింది. చౌడేశ్వరమ్మ ఆయన రెండు పాదాలూ గట్టిగా పట్టుకుంది. అరగంట సేపు వదల్లేదు.

సాయంత్రం డాక్టరు చిత్రాలు చూశారు. “ఏమీ పెరగలేదండీ. ఆపరేషన్ అక్కర్లేదు. ఇలాగే కనిపెట్టుకుని ఉందాం.”

చౌడేశ్వరమ్మ రెండు చేతులూ జోడించింది. వరండాలో బెంచీ మీద కూలబడ్డాక కోటిలింగం ఆమె పక్కన కూర్చున్నాడు.

“దాచింది నేనేనే. ఆ మిషన్ చప్పుడు అచ్చం మన మగ్గం చప్పుడే. అది వినబడుతుంటే ఊరుకోవడం యాభై ఏళ్లుగా ఈ కాళ్లకు తెలియదు. ఆ అమ్మాయి మూడుసార్లు చెప్పింది, నా వల్ల కాలేదు. కదలకుండా పడుకోవడం కూడా చేతకాలేదని నవ్వుతారని సిగ్గేసింది. ఆ సిగ్గు కోసం మీ అందర్నీ మోసం చేశాను. ఇవాళా కాళ్లు లేచాయి, నీ చేతులు తగిలాయి. ఆ చప్పుడు వింటూ ఏ పనీ చెయ్యకుండా పడుకోవడం నా బతుకులో ఇదే మొదలు. వచ్చే ఏడు కూడా నువ్వే రావాలే.”