బాతు అతుక్కున్న సిలిండర్

ఇన్ఫార్మర్ చచ్చిపోతూ చెప్పినవి మూడే మాటలు: "స్కానర్ గదిలో... పాప."

వాటి మీద చీఫ్ ఏజెంట్ డేగకి పొద్దెక్కేదాకా బ్రీఫింగ్ ఇచ్చాడు. మూర్ఛ మెదడులో ఎక్కడ పుడుతుందో ఎమ్మారై స్కానర్‌తో పట్టుకునే పరిశోధన జరుగుతోంది. అది నెగ్గితే, మూర్ఛ మందులు అమ్ముకుని బలిసిన విదేశీ ముఠా వ్యాపారం మూతపడుతుంది. అందుకని స్కానర్‌లో పడుకున్న పసిదాన్ని చంపి, నేరం యంత్రం మీదకి తోసేయాలని వాళ్ళ ప్లాన్. సూటూబూటూ వేసుకున్న బుర్రలకి తట్టిన గొప్ప ఆలోచన అది!

"పాపకి మేనమామలా వెళ్ళు. మత్తు డాక్టర్ హంస మన మనిషే. 'గొడుగు తెచ్చారా?' అంటుంది. 'రెండు తెచ్చాను' అను," అన్నాడు చీఫ్.

తర్వాత డేగకి ఒంటినిండా గాడ్జెట్లు తగిలించాడు. మాటలు రికార్డు చేసే పెన్ను, ఫొటోలు తీసే బొత్తాం, ఉరితీగ దాచిన వాచీ.

అన్నీ స్కానర్ గది బయట లాకర్లోకి పోయాయి.

"గోరంత ఇనుమున్నా లోపలికి రాకూడదు సార్. స్కాన్ లేకపోయినా అయస్కాంతం ఆన్‌లోనే ఉంటుంది," అన్నాడు టెక్నీషియన్. ప్యాంటు జిప్పు కూడా పనికిరాదన్నాడు. దేశాన్ని కాపాడే డేగ, వీపున ముడేసే గౌనులో, వెనక చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, దానికేం కాదుగా?" పాప తల్లి మళ్ళీ అడిగింది. ఆమె గుప్పిట్లో ఫ్రిజ్‌కి అంటించే బాతు బొమ్మ. వెనకాల అయస్కాంతం ఉందని లోపలికి వద్దన్నారు. "కదలకుండా పడుకుంటే బాతునిస్తానని చెప్పా. నాకే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

సెంటు వాసన ముందొచ్చింది, వెనకే హంస. చెవులకి తళతళలాడే రింగులు.

"గొడుగు తెచ్చారా?"

"రెండు తెచ్చాను."

ఆమె నవ్వింది. డేగ ఏళ్ళ తరబడి పొందిన ట్రైనింగ్ ఆ నవ్వుకే గాలికి కొట్టుకుపోయింది.

స్కానర్ దడదడా మోత మొదలెట్టింది. అద్దంలోంచి పాప అరికాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అంతలో హంస కేకేసింది.

"ఫిట్స్ వస్తున్నాయి! గోడ పైపులో ఆక్సిజన్ లేదు. సిలిండర్ లోపలికి తోయండి, వెనకే నేనొస్తున్నా!"

అటెండర్ ట్రాలీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"అది ఈ గది సిలిండరేనా?" అడిగాడు టెక్నీషియన్. "అల్యూమినియందేనా?"

"రంగు అదే సార్!"

తలుపు తెరుచుకుంది.

"లోపలికొస్తానంటోంది, ఆ చెవులకవేంటి?" తల్లి అరిచింది. "నా దిద్దులు కూడా ఊడదీయించారే!"

అప్పుడు వెలిగింది డేగగారికి. లోపలికెళ్ళే ఉద్దేశమే లేని మనిషి రింగులెందుకు తీస్తుంది! తల్లి చేతిలోంచి బాతుని లాక్కుని సిలిండర్‌కి ఆనించాడు.

టక్కున అతుక్కుంది. అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదు. రంగు కింద ఉన్నది స్టీలు.

ట్రాలీ ముందు చక్రాలు గడప దాటాయి. ఇక ఎవరూ తోయక్కర్లేదు, అదే పాప వైపు లాక్కుపోతోంది! డేగ దానిమీద పడి వాటేసుకున్నాడు. గౌను ముడి ఊడింది. టెక్నీషియన్ అతని నడుం పట్టుకుని, అటెండర్ ట్రాలీ పట్టుకుని వెనక్కి లాగారు. తలుపు ధడాలున మూసుకుంది.

హంస పరుగు తీసింది. తల్లి ఆమె జుట్టు చేతికి చుట్టుకుంది.

"వదులు, చదువురాని మొద్దూ!"

"నా బిడ్డ లేచొచ్చేదాకా వదల్ను. చదువుకున్నావుగా, నిలబడు!"

పోలీసులొచ్చి విడిపించాల్సి వచ్చింది. చీఫ్ వచ్చి, బాతుని సాక్ష్యంగా కవర్లో పెట్టి సీలేశాడు.

ఫిట్సూ లేవు, గిట్సూ లేవు. పాప కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చింది.

"మామయ్యా, నేను కదల్లేదు. నా బాతేది?"

డేగ లాకర్లోంచి పెన్ను తీసి చూపించాడు. "ఇది తీసుకో తల్లీ."

"రాస్తుందా?"

"రాయదమ్మా."

"మరెందుకిది?"

డేగ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ కవరు సీలు చించాడు.