రెండు గుండ్లు, ఒక ముడిచిన మూతి

ఆ ఉదయం పాస్‌పోర్టులు సర్దుతూ షమా తనలో తనే నవ్వుకుంది. ఐదేళ్ల కవలలు. ఫోటోలో ఇలియాస్ బుద్ధిగా ఉన్నాడు. అర్ఫా మాత్రం ఉంగరాల జుట్టు మధ్య నుంచి మూతి ముడిచి, కనుబొమలు ముడేసి, కొరికేసేలా చూస్తోంది. వినుకొండ స్టూడియోలో కెమెరా క్లిక్‌మనే ముందు దాని చేతిలో మిరపకాయ బజ్జీని నాయనమ్మ మస్తాన్‌బీ లాక్కుంది మరి!

షార్జాలో పనిచేసే అష్రఫ్‌కి పెళ్లాం పిల్లల్ని శాశ్వతంగా దగ్గర ఉంచుకునే వీసా ఇంకా దొరకలేదు. విజిట్ వీసా గడువు తీరిన ప్రతిసారీ షమా పిల్లల్నేసుకుని దేశం దాటి అత్తగారింటికి రావాలి. కొత్తది రాగానే మళ్లీ ఎగరాలి. ఈసారి వీసా నిన్ననే వచ్చింది. సాయంత్రం గన్నవరంలో విమానం.

గేటు చప్పుడైంది. మస్తాన్‌బీ లోపలికొచ్చింది. ఆమె వెనకే రెండు గుండ్లు. నున్నగా, గంధం పూసుకుని, ఎండలో తళతళలాడుతూ.

షమా చేతిలోంచి పాస్‌పోర్టులు జారిపోయాయి.

“అత్తా! ఏంటిది?”

“మొక్కు. దర్గాలో తీర్చుకొచ్చా.”

“ప్రయాణం రోజా? ఫోటోలో జుట్టుంది! అక్కడ ఆపేస్తే?”

“వీసా ఇచ్చింది జుట్టుకా ఏంటే, పిల్లలకిగానీ!”

“అసలేం మొక్కుకున్నారు?”

“బయటికి చెబితే ఫలించదు.”

షమాకి ఒళ్లు మండిపోయింది. “చెప్పక్కర్లేదులెండి. మేం ఇక్కడే పడి ఉండాలనేగా? మేం బయల్దేరిన ప్రతిసారీ మీకేదో ఒకటి వస్తుంది. ఒకసారి మోకాళ్ల నొప్పులు, ఒకసారి కళ్లు తిరగడం. ఇప్పుడు గుండ్లు!”

మస్తాన్‌బీ కొంగు బిగించి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి బాణలిలో నూనె చిటపటలాడింది.

సాయంత్రం విమానాశ్రయం గుమ్మం దగ్గర ఆమె అర్ఫా చేతిలో ఓ పొట్లం పెట్టింది. షమా వెళ్లొస్తానని కూడా అనకుండా లోపలికి నడిచింది.

భయపడినంతా అయింది. కౌంటర్లో అధికారి పాస్‌పోర్టులు చూశాడు. గుండ్లు చూశాడు. మళ్లీ పాస్‌పోర్టులు చూశాడు.

“ఇందులో అర్ఫా ఎవరు?”

“నేనే!” అన్నారు ఇద్దరూ. ఇలియాస్‌కి అదో ఆట.

“వాడు కాదండీ, ఇది!” అంది షమా.

“మీరు చెబితే చాలదమ్మా. ఫోటోలో మనిషి ఇక్కడ కనబడాలి.”

వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. విమానం తప్పితే టిక్కెట్టు పోతుంది. అవతల అష్రఫ్ ఎదురుచూస్తున్నాడు.

అధికారి ఇలియాస్ వైపు వంగాడు. “ఎందుకురా ఈ గుండ్లు?”

“నాయనమ్మ మొక్కుకుంది. ఇక మేం మాటిమాటికీ విమానం ఎక్కకుండా నాన్న దగ్గరే ఉండిపోవాలంట.” వాడు గొంతు తగ్గించాడు. “అమ్మకి చెప్పొద్దంది.”

పొద్దున షమా అన్న మాటలన్నీ తిరిగొచ్చి తనకే తగిలాయి. అప్పుడే అర్ఫా చేతిలో పొట్లం కనబడింది. చల్లారిన మిరపకాయ బజ్జీలు! ఒకటి సగం కొరికి ఉంది.

షమా చటుక్కున దాన్ని లాగేసుకుంది.

అంతే. మూతి ముడుచుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి. అధికారిని కొరికేసేలా చూసింది అర్ఫా.

అధికారి ఫోటోకేసి చూసి పకపకా నవ్వాడు. “అచ్చం ఇదే! బజ్జీ ఇచ్చేయండమ్మా, నాకే భయమేస్తోంది.” టపటపా ముద్రలు పడ్డాయి.

లోపల కూర్చోగానే షమా ఫోన్ చేసింది.

“ఆపేశారా?” అంది మస్తాన్‌బీ కంగారుగా.

“లేదత్తా. మీ బజ్జీ దాటించింది. ఇలియాస్ మొక్కు చెప్పేశాడు. నేనేమో మిమ్మల్ని...”

“వెధవ! కడుపులో మాట దాగదు వాడికి.” అవతల ముక్కు చీదిన చప్పుడు.

“మేం రాకపోతే మీరెలా ఉంటారత్తా?”

“ఎందుకుంటానే? నేనే వస్తా అక్కడికి. నాకూ వీసా కావాలని మొక్కుకుంటా.”

“ఎవరి జుట్టు?”

“మీ మామయ్య తలమీద ఏముందని! నీ మొగుడున్నాడుగా! ఇవాళ్టి నుంచి క్షవరం మానేయమను.”