ముందు నువ్వు మింగు

పొద్దున్నే తాళాల మేస్త్రి కాఫీ గ్లాసు పెళ్ళాం వైపు నెట్టాడు. ఆమె ఒక గుక్క తాగింది. కాసేపు ఆమె మొహంలోకి చూసి, ఏమీ కాలేదని తేలాక మిగతాది తను తాగాడు. పెళ్ళైన నాటినుంచీ ఇదే తంతు. తన నీడక్కూడా తాళం వేసే రకమని వీధిలో నవ్వుకునేవారు. ఎవరి పిచ్చి వారికానందం అని ఆమె సరిపెట్టుకుంది.

అలాంటి మనిషికి రక్త క్యాన్సర్ అని ఈమధ్యే తేలింది. పెద్దాసుపత్రిలో రెండు మందులు కలిపి కొత్త వైద్యం పరీక్షిస్తున్నారు. అక్కడ సూదిమందు, ఇంటిదగ్గర రోజూ బిళ్ళ. "ఒకటి రోగాన్ని పడగొడితే, రెండోది లేవనివ్వకుండా తొక్కిపట్టాలి" అని డాక్టరమ్మ చెబితే బుద్ధిమంతుడిలా తలూపి వచ్చాడు.

ఇంటికొచ్చి బిళ్ళ పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు మింగు."

"అయ్యో, ఇది మందండీ! కాఫీ అనుకున్నారా?"

"వాళ్ళు నామీద పరీక్ష చేస్తారట. నేను నీమీద చేస్తా. నీకేం కాకపోతే రేపట్నించి నేనేసుకుంటా. ఎవరికైనా చెప్పావో, సూదిమందు కూడా మానేస్తా."

ఆయన బతకాలి, ఆమెకు కావలసిందంతే. మింగింది. కాసేపటికి పెరట్లో కుళాయి ధారగా విప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకుని, నవ్వుతూ లోపలికొచ్చింది. నవ్వితే మాత్రం పాలిపోయిన మొహం దాగుతుందా? "ఇంకా తేలలేదు. రేపు మళ్ళీ చూద్దాం" అన్నాడు. రేపూ ఎల్లుండీ అంటూ నెల దొర్లిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "మీ రక్తంలో బిళ్ళ జాడే లేదు. రోగం పెరిగింది. ఏం చేశారు?"

మేస్త్రి పెళ్ళాం వైపు చూశాడు. పక్కనే కూర్చున్న ఆమె ఒరిగిపోయింది. పడుకోబెట్టి చూస్తే చేతులనిండా నల్లగా కమిలిన మచ్చలు. గుచ్చి గుచ్చి అడిగితే ఉన్నదంతా చెప్పేసింది.

వెంటవచ్చిన కూతురు తండ్రి మీదికి ఉరికింది. "రోగం నీది, మందు అమ్మకా? ఎలకలకి పెట్టినట్టు పెట్టావా నాన్నా!"

"దానికింత అవుతుందని నాకేం తెలుసు?"

"తెలుసు! రోజూ అమ్మ మొహం చూసే కదా నువ్వు వేసుకోకుండా ఆగావు! మరి అమ్మచేత ఎందుకు మాన్పించలేదు?"



"ఆయన్ననకమ్మా" మంచం మీంచి సన్నగా అంది ఆమె. "తప్పు నాదే. ఇంకాస్త ఓర్చుకునుంటే నమ్మేవాడు, వేసుకునేవాడు."

"కొత్త వైద్యంలో ఇక మీకు చోటు లేదు" అంది డాక్టరమ్మ. "పాత పద్ధతిలోనే చేస్తాం. అంత ఆశ మాత్రం పెట్టుకోకండి. ముందు ఈవిడకు రక్తం కావాలి."

మేస్త్రి గబగబా చొక్కా చెయ్యి పైకి లాగి నర్సు ముందు చాపాడు. "నాది తీసుకో తల్లీ. ఎంత కావాలంటే అంత."

"మీది పనికిరాదు బాబాయ్" అంటూ నర్సు ఆ చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించింది. కూతురు వచ్చి తన చెయ్యి చాపింది.

ఆయన వెళ్ళి పెళ్ళాం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నిన్ను చంపుకున్నానే" అంటూ ఆ పాదాలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకోండి, అసలే ఒంట్లో బాలేదు. నీరసం వస్తుంది" అంది ఆమె.

ఆ మాటతో ఆయన ఏడుపు ఇంకా పెద్దదైంది.