విషానికి పోసిన అచ్చు

"మీ అన్నయ్యని చంపించిన మనిషిని బతికించాలి. అదే నీ అసైన్‌మెంట్," అన్నాడు చీఫ్.

తొండ కుర్చీలోంచి లేచాడు. వేషానికో రంగు మారుస్తాడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు. ఆ క్షణాన మొహంలో ఉన్నది ఒకటే రంగు. ఎరుపు.

"నెమలినా?"

"అవును. విదేశీ ముఠాకీ మనకీ కూడా పనిచేసిన డబుల్ ఏజెంట్. మీ అన్నయ్య అడ్రస్ వాళ్ళకిచ్చింది ఆవిడే. ఇప్పుడు పూర్తిగా మనవైపు వచ్చేసి, వాళ్ళ మనుషుల పేర్లన్నీ చెప్తానంది. చెప్పేలోపే విషం పెట్టారు. దానికి విరుగుడు మీ వదిన దగ్గరే ఉంది."

"వదిన ఒప్పుకుందా?"

"ఇప్పటికే గ్లవ్స్ తొడుక్కుంది."

క్లినిక్‌లో తొండది ఆక్సిజన్ సిలిండర్లు మోసే మనిషి వేషం. చేతిలో స్పానర్, దాని పిడిలో మత్తుసూది. మంచం మీద నెమలి కళ్ళు మూసుకుని ఉంది. ప్రాణం పోతున్నా లిప్‌స్టిక్ చెదరలేదు. పక్కన రక్తం శుద్ధిచేసే మెషీన్. వదిన చేతిలో మెత్తటి ప్లాస్టిక్ తొడుగు, దానికి రెండువైపులా గొట్టాలు, లోపల తెల్లటి జెల్.

"అన్నయ్య చేసింది ఇదేనా?"

"ఇద్దరం చేశాం. ప్రోటీన్లు శుద్ధి చెయ్యాలని మొదలెట్టాం. వాళ్ళ విషమూ ప్రోటీనే కదా! దాని చుట్టూ జెల్‌ని గడ్డకట్టించి, తర్వాత విషాన్ని కడిగేశాం. అచ్చం దాని ఆకారంలో గుంటలు మిగిలాయి. రక్తం ఇందులోంచి పోతుంటే విషం ఒక్కటే వెళ్ళి వాటిలో ఇరుక్కుంటుంది."

"ఈవిడ కోసమా వదినా? పోతే పోనీ."

"ఈ పని ఆగిపోవాలనే మీ అన్నయ్యని చంపారు. నేను ఆపను. మంచం మీద ఎవరున్నా సరే, ఇవాళ ఇది పనిచేసి తీరాలి."

తలుపు చప్పుడైంది. డాక్టర్ రావాల్సిన వేళే.

"బయట చలెలా ఉంది?" అడిగాడు తొండ.

"వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

కోడ్ సరిపోయింది. పొడుగాటి డాక్టర్ లోపలికొచ్చి, "ఏదీ, చూడనివ్వండి," అంటూ తొడుగు అందుకున్నాడు. నేలకేసి కొట్టి బూటుతో తొక్కేశాడు. గొట్టాల చివర్లనుంచి నీళ్ళు చిమ్మాయి. జెల్ కాగితంలా అణిగిపోయింది.

స్పానర్ బుస్సుమంది. డాక్టర్ మోకాళ్ళ మీద కూలుతూ నవ్వాడు. "లేటయ్యావు."

అసలు డాక్టర్ దగ్గర కోడ్ రాబట్టి, ఆయన్ని కారు డిక్కీలో కట్టేశాడని తర్వాత తెలిసింది.

మానిటర్ చప్పుడు నెమ్మదిస్తోంది.

"ఇంకోటుందా వదినా?"

"లేదు."

ఆమె తొడుగు తీసి వెలుతురులో తిప్పి చూసింది. ఎక్కడా చిట్లలేదు. సెలైన్ గొట్టం తగిలించింది. కాగితంలా ఉన్న జెల్ నీళ్ళు పీల్చుకుని, ఉబ్బి, మళ్ళీ నిండుగా లేచింది.

తొండ నోరు తెరిచాడు.

"స్పాంజిలాంటిది. తొక్కితే నీళ్ళు పోతాయి, అంతే. గుంటలు ఎక్కడికీ పోవు. కాస్త పక్కకి జరుగు మరిదీ, గొట్టం పెట్టాలి."

మానిటర్ మీద గీత సాపుగా మారబోతుండగా రక్తం జెల్‌లోకి ఎక్కింది. గీత వణికింది. నిలదొక్కుకుంది.

చాలాసేపటికి నెమలి కళ్ళు తెరిచింది. "నన్ను... మీరా?"

"క్షమించాననుకోకు," అంది వదిన. "పేర్లు చెప్పు."

చెప్పింది. తొండ ప్రతి పేరూ ఫోన్లో చీఫ్‌కి అందించాడు. ఆమె చెప్పినవాళ్ళలో ఒక్కడూ సరిహద్దు దాటలేదు.

మత్తు దిగి, బేడీలతో మూల కూలబడ్డ దొంగ డాక్టర్ మొహం పాలిపోయింది. "పని చెడగొట్టినవాణ్ణి మావాళ్ళు జైల్లో కూడా విషం పెట్టకుండా వదలరు. అమ్మా... అలాంటిది నాకొకటి దొరుకుతుందా?"

వదిన గ్లవ్స్ విప్పింది. "ఆర్డరిస్తే చేసిస్తాం. అడ్వాన్సు మాత్రం పేర్లలోనే తీసుకుంటాం."