తూనీగకు సెలవు

“ఈరోజు మీకు సెలవు. ఇంటికి వెళ్ళండి.”

ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే అతను గ్రౌండ్‌లో అన్న మొదటి మాట అది. ఎవరితో అంటున్నాడో ముందే తెలిసి ఉంటే కాసిని మంచినీళ్ళు తాగి అనేవాడు.

బూటు లేసు కట్టుకుంటున్న అమ్మాయి తలెత్తింది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ గ్రౌండ్ మొత్తం ఆశలు పెట్టుకున్న అమ్మాయి ఆమే. సన్నగా ఉంటుందని, ఒకచోట కుదురుగా కూర్చోదని అందరూ తూనీగ అని పిలుస్తారు.

“ఎవరండీ మీరు?”

“కొత్తగా వచ్చాను. మీరంతా అతిగా ప్రాక్టీస్ చేసి ఒళ్ళు పాడుచేసుకోకుండా చూడటం నా పని.”

“అంటే, పరిగెత్తేవాళ్ళని ఆపడానికి జీతం ఇస్తున్నారా మీకు?”

“అలాగే అనుకోండి.”

“నాకేం తక్కువైందట?”

“తక్కువ కాదు, ఎక్కువైంది. కోచ్ ఇచ్చిన బ్యాండు రాత్రి చేతికి కట్టుకున్నారు కదా, అదే చెప్పింది. నిద్రలేచేసరికి మీ గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటోంది. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. దానికి తోడు చిరాకు.”

“నాకు చిరాకేం లేదు!”

ఆ అరుపుకి గ్రౌండ్ అవతల గడ్డి కోస్తున్న మనిషి కూడా మిషను ఆపి చూశాడు.

“చూశారా,” అన్నాడతను.

తూనీగ బూట్లు విప్పి, వాటిని అతని నెత్తిన వెయ్యాలన్న కోరికను బలవంతాన దిగమింగి, విసవిసా వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా అతనికి పేరు పెట్టేసింది. బ్రేకు మాస్టారు! మర్నాటికి కోచ్ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. అసలు పేరు ఇక జీతం కాగితం మీదే మిగిలింది.

బ్రేకు మాస్టారి పద్ధతి ఒకటుంది. ఆటగాళ్ళందరూ రాత్రి పడుకునేటప్పుడు చేతికి బ్యాండు కట్టుకోవాలి. ఎంత నిద్రపోయారు, గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంది అన్నది పొద్దున్నే అతని ట్యాబ్‌లో గీతలుగా కనిపిస్తుంది. గీత బాగుంటే గ్రౌండ్‌లోకి, బాగా లేకపోతే ఇంటికి. బతిమాలినా, బెదిరించినా, ఏడ్చినా అంతే.

తూనీగ మూడూ చేసి చూసింది. మూడో దానికి అతను కరిగిపోబోయాడు గానీ, బయటపడకుండా ట్యాబ్‌లో తల దూర్చేశాడు.

ఒకరోజు సెలవిచ్చినా వినకుండా గ్రౌండ్‌కి వచ్చింది. వచ్చీ రాగానే వాన పట్టుకుంది. అందరూ తలోదిక్కు పరిగెత్తారు. గ్యాలరీ రేకుల కింద ఇద్దరే మిగిలారు, మధ్యలో టీ ఫ్లాస్కు.

“మీకు సెలవని చెప్పాను కదా.”

“పరిగెత్తడానికి రాలేదు. వాన చూడటానికొచ్చాను.”

“మీ ఇంటి దగ్గర వాన పడదా?”

“ఇక్కడి వాన బాగుంటుంది,” అని అతని చేతిలోని కప్పు లాక్కుని తాగేసింది. ఆ కప్పులో అతను అప్పటికే సగం తాగాడన్న సంగతి చెబుదామనుకుని ఎందుకో ఊరుకున్నాడు.

కాసేపటికి ఆ అమ్మాయి గొంతు మారింది. “పోయినసారి సెలక్షన్స్‌లో వెంట్రుకవాసిలో పోయింది మాస్టారూ. ఈసారి కూడా టీమ్‌లోకి రాకపోతే బూట్లు అటకెక్కించి ఉద్యోగం చూసుకుంటానని అమ్మకి మాటిచ్చాను. మీరేమో రోజు విడిచి రోజు పడుకోమంటారు. అవతలివాళ్ళు పరిగెడుతుంటే నేనెలా పడుకోను?”

“మీ నాన్నగారు ఇళ్ళు కడతారు కదా. స్లాబు వేసిన మర్నాడే దాని మీద గోడ లేపుతారా?”

“లేపరు. గట్టిపడేదాకా ఆగుతారు.”

“కాళ్ళయినా అంతే. బలం పరిగెత్తినప్పుడు రాదు, ఆ తర్వాత ఊరికే ఉన్నప్పుడు వస్తుంది.”

“నా కాళ్ళు సిమెంటా?” అని మూతి ముడిచింది. కానీ వాన తగ్గాక బుద్ధిగా ఇంటికి వెళ్ళింది. ఆమె కనుమరుగయ్యేదాకా అతను చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు మిగతావాళ్ళ గీతలు చూడటం సాయంత్రానికి గానీ గుర్తు రాలేదు.

మరుసటి వారం నుంచి తూనీగ గీతలు మారిపోయాయి. గుండె తాపీగా, నిద్ర హాయిగా. దీపాలు పెట్టగానే పడక, తెల్లారకముందే మెలకువ. ‘ఎంత బుద్ధిమంతురాలైపోయింది!’ అని బ్రేకు మాస్టారు మురిసిపోయాడు. స్లాబు ఉపమానం పనిచేసిందని తనని తానే మెచ్చుకున్నాడు. రోజూ గ్రౌండ్‌లోకి పంపాడు.

అయితే ట్రాక్ మీద కనిపించే మనిషి వేరు. కళ్ళ కింద నలుపు, నవ్వులో నీరసం, చివరి మలుపులో ఈడ్చుకొచ్చే కాళ్ళు.

“మాస్టారూ, పిల్ల వాడిపోయినట్టు లేదూ?” అన్నాడు కోచ్.

“గీత బ్రహ్మాండంగా ఉంది సార్,” అన్నాడు. అనుమానం అతనికీ ఉంది. కానీ ఆమె మొహం వంక ఎక్కువసేపు చూస్తే తన మొహంలో ఏం కనిపిస్తుందోనన్న భయం కొద్దీ ట్యాబ్‌నే నమ్ముకున్నాడు.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ట్యాబ్ తెరిచాడు. నోట్లో బ్రష్ అలాగే ఉండిపోయింది. తూనీగ గీత గతుకుల రోడ్డులా ఉంది. గుండె ఒక దెబ్బ కొట్టి, ఆగి, గబగబా మూడు కొట్టి, మళ్ళీ ఆగుతోంది.

స్కూటర్ ఎలా తీశాడో, ఆ వీధులన్నీ ఎలా దాటాడో అతనికే తెలియదు. తలుపు దబదబా బాదాడు. అమ్మానాన్న ఊళ్ళో లేరు, తూనీగే తీసింది, పరుగుకి తయారై. అతను మాట్లాడకుండా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఏంటిది మాస్టారూ! పొద్దున్నే వచ్చి చెయ్యి పట్టుకుంటారేంటి?”

“మాట్లాడకు!”

నాడి వేగంగానే ఉంది, సెలవివ్వవలసినంత వేగంగా. కానీ ఎక్కడా తడబాటు లేదు. అప్పుడు చూశాడు, ఆ చేతికి బ్యాండు లేదు.

“ఎవరే వచ్చింది?” అంటూ లోపలి నుంచి అమ్మమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఆవిడ చేతికి ఉంది బ్యాండు.

తూనీగ తలుపు చాటుకి జరిగింది.

“మిమ్మల్నే అమ్మమ్మగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?” అన్నాడతను.

“ఈ నాలుగు రోజులుగా కాస్త తూలుతోంది నాయనా. పరుగు పందెం ముందు దీన్ని కంగారుపెట్టడం ఎందుకని చెప్పలేదు. ఈ గాజు చేతికుంటే మనవరాలికి మంచిదట, అందుకని తియ్యడం లేదు.”

తూనీగ మొహంలో రక్తం లేదు.

అరగంటలో ఆస్పత్రిలో ఉన్నారు. అన్నీ చూసి బయటికొచ్చిన డాక్టరమ్మ, గుండె లయ తప్పుతోందని, మందులతో దారికొస్తుందని, ఆలస్యం చేసి ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉండేదని చెప్పింది.

వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. తూనీగ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి అతను ట్యాబ్‌లో తల దూర్చలేదు, అది ఇంట్లోనే మర్చిపోయాడు.

“తిట్టండి మాస్టారూ. ఆగితే వెనకబడిపోతానని భయమేసింది. అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని నాకు...”

“తిట్టాలనే ఉంది. కానీ నేను కూడా గుడ్డివాణ్ణే. నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, మిషను మాట నమ్మాను. దారంతా ఆ గీత నీదే అనుకున్నాను తెలుసా? నీకేమైనా అయితే...”

తూనీగ కళ్ళు తుడుచుకుంది. అతని కాళ్ళ వంక చూసింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు.

“మాస్టారూ, ఒకటడగనా? గ్రౌండ్‌లో ఇంతమంది బ్యాండు కట్టుకుంటారు. ఇంకెవరి గీతైనా అలా కనిపిస్తే ఏం చేసేవారు?”

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి టైము దొరకలేదు. “ఫోన్ చేసేవాణ్ణి.”

“మరి నాకెందుకు చెయ్యలేదు?”

“ఫోన్ అనేది ఒకటుందని గుర్తు రాలేదు.”

ఏడుపు మధ్యలో నవ్వొస్తే మనిషి మొహం ఎంత బాగుంటుందో అతనికి ఆ రోజే తెలిసింది. ఆమె ఇంకేమీ అడగలేదు, బెంచీ మీద కొంచెం దగ్గరగా జరిగింది.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరు రోగులు. అమ్మమ్మకి డాక్టరమ్మ విశ్రాంతి, మనవరాలికి మాస్టారి విశ్రాంతి. మనవరాలు గుమ్మం దాటితే అమ్మమ్మ మందు మింగనని మొండికేసేది. కోచ్ ఇంత ఎత్తున ఎగిరాడు. “సెలక్షన్స్ నెత్తిమీద పెట్టుకుని పడుకోబెడతావా?” అన్నాడు.

“ఇప్పుడు పడుకోకపోతే ఆ రోజు పడుకుంటుంది సార్, ట్రాక్ మీదే. ఇంకో సంగతి. ఇక నుంచి తూనీగ గీతలు మీరే చూడండి. నేను చూస్తే సరిగ్గా చూడలేను.”

“ఆ సంగతి గడ్డి కోసేవాడికి కూడా తెలుసులే!” అన్నాడు కోచ్.

సెలక్షన్స్ రోజు ఆకాశం మబ్బు పట్టింది. గ్యాలరీలో అమ్మమ్మ ఒక పక్క, మాస్టారు ఒక పక్క. తుపాకీ పేలింది. మొదటి చుట్టులో తూనీగ వెనకాలే ఉంది. అమ్మమ్మ అతని చెయ్యి నలిపేస్తోంది. చివరి మలుపులో, ఇన్నాళ్ళూ ఈడ్చుకొచ్చిన చోటే, కాళ్ళు ఎగిరాయి. ఒకరిని దాటింది, ఇద్దరిని దాటింది. ముగింపు గీత దాటేసరికి ముందు ఒక్కరే ఉన్నారు. టీమ్‌లోకి ఇద్దరికి చోటు.

అమ్మమ్మ ముందు ఏడ్చి, తర్వాత ఈల వేసింది. ఆవిడకి ఈల వెయ్యడం వచ్చని కుటుంబంలో ఎవరికీ తెలియదట.

తూనీగ రొప్పుతూ వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. తన చేతి బ్యాండు విప్పి, అడక్కుండానే అతని చేతికి కట్టింది. కోచ్ దగ్గర ట్యాబ్ లాక్కుని చాలా సీరియస్‌గా చూసింది.

“అబ్బో, గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటోంది. రాత్రి నిద్ర కూడా లేనట్టుంది. మాస్టారూ, ఈరోజు మీకు సెలవు. ఇంటికి వెళ్ళండి.”

“ఎవరింటికి?” అన్నాడతను.

“మా ఇంటికి. అమ్మానాన్న ఎదురుచూస్తున్నారు, అమ్మమ్మ అంతా చెప్పేసింది.”

“నేనేం చెప్పలేదు,” అంది అమ్మమ్మ. “ఫోన్ చెయ్యడం మర్చిపోయి ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చిన కుర్రాడొకడున్నాడని మాత్రం చెప్పాను. మిగతాది వాళ్ళకే అర్థమైంది. పద బాబూ, వానొచ్చేలా ఉంది.”